మోటారు తిరిగితే చాలదు, నీళ్ళు అందాలి

మీ పొలంలో బోరు ఉందా? లేకపోతే పక్కవాళ్ళ పొలంలోనైనా చూసే ఉంటారు. స్టార్టర్ మీది పచ్చ బొత్తాం నొక్కగానే మోటారు తిరగడం మొదలవుతుంది. కాని నీళ్ళు ఆ క్షణానే మడిలో పడవు. లోతున ఉన్న నీరు పైపంతా నిండుతూ పైకి రావాలి. ఈ లోగా ఇంట్లోవాళ్ళు కేకవేసి అడుగుతారు: "మోటారు పెట్టినవా?" అని ఒకసారి, "నీళ్ళు పోస్తున్నదా?" అని మరొకసారి. రెండూ ఒకే ప్రశ్న కాదు. మొదటిదానికి "ఆఁ" అని జవాబు వచ్చినంత మాత్రాన రెండవదానికీ "ఆఁ" అని రాదు.

ఈ రెండు ప్రశ్నల మధ్య తేడా తెలియకపోతే కంప్యూటర్ల లోకంలో కూడా చిక్కులు వస్తాయి. అటువంటి ఒక చిక్కును, దానిని పట్టుకునే పద్ధతిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

మూడు మెట్ల నీళ్ళు

ముందుగా మన పాలమూరు ప్రాంతానికే పోదాం. కృష్ణా నది ఇక్కడ లోతున పారుతుంది. పొలాలు మాత్రం ఎత్తున ఉన్నాయి. అందుకే శ్రీశైలం జలాశయపు నీటిని కొల్లాపూర్ దగ్గర నుండి పైకి ఎత్తడానికి కల్వకుర్తి ఎత్తిపోతల పథకాన్ని కట్టారు. ఇదివరకు ఈ ప్రాంతం మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది. 2016 నుండి నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది.

ఈ పథకంలో నీరు ఒక్కసారిగా పైకి రాదు. మూడు మెట్లు ఎక్కుతుంది. మొదటి మెట్టు ఎల్లూరు, రెండవది జొన్నలబొగుడ, మూడవది గుడిపల్లిగట్టు. ఎల్లూరు పంపులు ఎత్తిన నీరు ముందుకు సాగి జొన్నలబొగుడకు చేరాలి. అక్కడి పంపులు ఎత్తిన నీరు గుడిపల్లిగట్టుకు చేరాలి. ఇక్కడి మోటార్లు మన బోరు మోటార్ల వంటివి కావు. ఒక్కొక్కటి 30 మెగావాట్లది.

ఇప్పుడు ఆలోచించండి. ఎల్లూరులో మోటారు వేయగానే జొన్నలబొగుడలో కూడా వేయవచ్చా? అక్కడి తొట్టిలో అంతకుముందే నీరు నిలువ ఉంటే వేయవచ్చు. తొట్టి ఖాళీగా ఉంటే మాత్రం కూడదు. నీరు లేకుండా పంపు తిరిగితే లోపలి భాగాలు వేడెక్కి పాడవుతాయి. మరి ఎప్పుడు వేయాలి? "ఎల్లూరు మోటారు తిరుగుతున్నది" అన్న కబురు వచ్చినప్పుడు కాదు. "మా తొట్టిలో నీరు కావలసిన మట్టానికి వచ్చింది" అని కొలబద్ద చూపినప్పుడు.

అంటే ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి వరుస: ఏది ముందు, ఏది వెనుక. రెండవది సిద్ధత: ముందున్నది నిజంగా పని అందించే స్థితికి వచ్చిందా లేదా. చాలామంది మొదటిది చూసి రెండవది మరచిపోతారు.

కౌంటరు, రికార్డుల గది

ఇక కంప్యూటర్ దగ్గరకు వద్దాం. మీరు కుల ధ్రువపత్రం కోసం మీసేవ కేంద్రానికి వెళ్ళే ఉంటారు. 2011లో మొదలైన ఈ కేంద్రాలలో కౌంటరు మీద ఒక కంప్యూటర్ కనిపిస్తుంది. అయితే రికార్డులన్నీ ఆ పెట్టెలో ఉండవు. అవి దూరాన వేరే యంత్రాలలో ఉంటాయి. కౌంటరు దగ్గర అడిగిన ప్రశ్న అక్కడికి పోయి, జవాబు తిరిగి వస్తుంది.

ఇటువంటి ఏర్పాటులో ముఖ్యంగా రెండు ప్రోగ్రాములు ఉంటాయి. రికార్డులను భద్రపరచి, అడిగినప్పుడు వెదికి ఇచ్చేది డేటాబేస్. జనం అడిగిన ప్రశ్నను అందుకొని, డేటాబేస్ నుండి కావలసినది తెప్పించి, చక్కగా అమర్చి చూపేది అప్లికేషన్ సర్వర్. పాతకాలపు ఆఫీసులో చెప్పాలంటే డేటాబేస్ రికార్డుల గది, అప్లికేషన్ సర్వర్ కౌంటరు దగ్గరి గుమాస్తా. రికార్డుల గది తెరవకపోతే గుమాస్తా ఎంత చురుకైనవాడైనా ఏమీ ఇవ్వలేడు.

ఒక ఉదయం జరిగిన కథ

నల్లగొండ జిల్లాలో ఒక మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాల అనుకుందాం. విద్యార్థుల పేర్లు, పుట్టిన తేదీలు, మార్కులు అన్నీ ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. అందులోనే డేటాబేస్, అందులోనే అప్లికేషన్ సర్వర్. రాత్రి గాలివానకు కరెంటు పోయింది. తెల్లవారి వచ్చింది. పదవ తరగతి పాసైన అమ్మాయి కాలేజీలో చేరడానికి స్టడీ సర్టిఫికెట్ కోసం వచ్చింది. ఆ రోజే ఆఖరు తేదీ. గుమాస్తా బొత్తాం నొక్కితే తెర మీద "సేవ అందుబాటులో లేదు" అని వచ్చింది.

గుమాస్తా ఏం చేస్తాడు? అప్లికేషన్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడతాడు. ఆశ్చర్యం! అంతా చక్కగా పనిచేస్తుంది. అమ్మాయికి కాగితం దొరికింది. అందరూ సంతోషించి ఊరుకుంటారు. వారం తరువాత మళ్ళీ కరెంటు పోతుంది, మళ్ళీ అదే తంతు. ఆ రోజు గుమాస్తా సెలవులో ఉంటే?

"ఆపి, మళ్ళీ వేస్తే బాగయింది" అన్నది మందే కాని రోగ నిర్ణయం కాదు. అయితే అందులో ఒక మంచి ఆధారం ఉంది. ప్రోగ్రాములో గాని, రికార్డులలో గాని లోపం ఉంటే మళ్ళీ వేసినా పనిచేయకూడదు. పనిచేసిందంటే లోపం వస్తువులో లేదు, సమయంలో ఉంది.

దినచర్య చదువుదాం

ప్రతి మంచి ప్రోగ్రామూ తాను చేసిన పనిని గడియారపు వేళతో సహా రాసి పెడుతుంది. దీనిని లాగ్ అంటారు. ఇది ప్రోగ్రాము దినచర్య అన్నమాట. రెండు ప్రోగ్రాముల దినచర్యలను పక్కపక్కన పెట్టి వేళల వరుసలో కలిపి చూస్తే మన కథలో ఇలా కనిపిస్తుంది:

9:14:02 – కంప్యూటర్ మొదలైంది.
9:14:09 – డేటాబేస్: మొదలయ్యాను. నన్ను సరిగా మూయలేదు. చిట్టా సరిచూస్తున్నాను.
9:14:11 – అప్లికేషన్: మొదలయ్యాను.
9:14:12 – అప్లికేషన్: డేటాబేస్‌ను అడిగాను. "ఇంకా మొదలవుతున్నాను" అంది. ఆగిపోతున్నాను.
9:14:37 – డేటాబేస్: ఇక ఎవరైనా రావచ్చు.

జాగ్రత్తగా చూడండి. వరుస తప్పిందా? లేదు! డేటాబేసే ముందు మొదలైంది. అప్లికేషన్ 2 సెకన్ల తరువాత లేచింది. అయినా పని చెడింది. ఎందుకంటే డేటాబేస్ మొదలైన క్షణానికీ, సిద్ధమైన క్షణానికీ మధ్య 28 సెకన్లు ఉన్నాయి. అప్లికేషన్ ఆ మధ్యలో ఒకేసారి తలుపు తట్టి, నిరాశపడి పడుకుంది. ఆ తరువాత 25 సెకన్లకు తలుపు తెరుచుకున్నా తట్టేవారు లేరు. ఎల్లూరు మోటారు తిరిగింది గాని జొన్నలబొగుడ తొట్టికి నీరు చేరలేదన్నమాట.

డేటాబేస్‌కు అంత ఆలస్యమెందుకు?

దీనికి సోమరితనం కారణం కాదు, జాగ్రత్త కారణం. మన షావుకార్లు లెక్కలు ఎలా రాసేవారో పెద్దలను అడగండి. బేరం జరగగానే ముందు చిట్టాలో రాసేవారు. తరువాత తీరికగా ఆవర్జాలో ఎవరి ఖాతాలో వారికి ఎక్కించేవారు. మధ్యలో దీపం ఆరిపోయినా భయం లేదు. చిట్టా చూసి ఆవర్జాను పూర్తి చేసుకోవచ్చు.

పోస్ట్‌గ్రెస్ వంటి డేటాబేస్‌లు కూడా సరిగ్గా ఇదే చేస్తాయి. ఏ మార్పునైనా అసలు రికార్డులో పెట్టేముందు చిట్టా వంటి ఒక ఫైలులో రాస్తాయి. కరెంటు హఠాత్తుగా పోతే, తిరిగి లేచిన వెంటనే ఆ చిట్టాను చదివి, అసలు రికార్డులో ఎక్కని వాటిని ఎక్కిస్తాయి. సగంలో ఆగిపోయిన పనులను చెల్లనివిగా తీసివేస్తాయి. ఇది పూర్తయ్యేదాకా ఎవరినీ లోపలికి రానివ్వవు. రానిస్తే సగం ఎక్కిన మార్కులు చూపే ప్రమాదముంది.

ఇందువల్లనే కంప్యూటర్‌ను పద్ధతిగా మూసిన మరునాడు చిక్కు రాదు, కరెంటు పోయిన మరునాడే వస్తుంది. చిట్టాలో పని ఎక్కువ మిగిలి ఉంటే ఆలస్యమూ ఎక్కువే.

మూడు రకాల "కాదు"

డేటాబేస్‌ను అడిగినప్పుడు వచ్చే నిరాకరణలన్నీ ఒకటి కావు. డాక్టరు జ్వరాన్ని బట్టి మందు మార్చినట్లే, మనమూ నిరాకరణను బట్టి ఉపాయం మార్చాలి.

ఒకటి – "కనెక్షన్ నిరాకరించబడింది." ఆ తలుపు దగ్గర వినేవారే లేరని దీని అర్థం. కంప్యూటర్‌లో ప్రతి సేవకూ ఒక తలుపు నంబరు ఉంటుంది. దానిని పోర్టు అంటారు. పోస్ట్‌గ్రెస్‌కు మామూలుగా 5432. డేటాబేస్ ఇంకా లేవలేదేమో, లేదా మనం తప్పు నంబరు తలుపు తట్టామేమో చూసుకోవాలి. కాసేపటికి దానంతటదే పోతే మొదటిది, ఎంతసేపటికీ పోకపోతే రెండవది అయి ఉండవచ్చు.

రెండు – "ఇంకా మొదలవుతున్నాను." లోపల మనిషి ఉన్నాడు, సిద్ధం కాలేదు. ఇక్కడ ఓపికే మందు.

మూడు – "సంకేతపదం తప్పు." ఇక్కడ వెయ్యిసార్లు అడిగినా లాభం లేదు. తప్పును మనిషి దిద్దాలి.

మూడవ రకం జబ్బుకు ఓపిక పట్టడం, రెండవ రకం జబ్బుకు సంకేతపదం మార్చడం, రెండూ తెలివితక్కువ పనులే.

నాలుగు ఉపాయాలు

మొదటి ఉపాయం అందరికీ తట్టేదే. "అప్లికేషన్‌ను 30 సెకన్లు ఆగి మొదలుపెడదాం." మన కథలో ఇది పనిచేస్తుంది. కాని ఏదో ఒక రోజు డేటాబేస్‌కు 50 సెకన్లు పడితే? మళ్ళీ మొదటికే వస్తాం. ఏ ఆలస్యమూ లేని రోజున 30 సెకన్లు వృథా. గడియారం చూసి జొన్నలబొగుడ పంపు వేసినట్లుంటుంది ఇది. చూడవలసింది గడియారం కాదు, తొట్టిలోని నీటి మట్టం.

రెండవ ఉపాయం వరుసను రాసి పెట్టడం. చాలా లినక్స్ కంప్యూటర్లలో సేవలను లేపే పని సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాముది. ఇది 2010లో వెలువడింది. దానికి రెండు రకాల ఆజ్ఞలు ఇవ్వవచ్చు. "రిక్వైర్స్" అంటే నన్ను లేపితే దానినీ లేపు అని. "ఆఫ్టర్" అంటే దాని తరువాతనే నన్ను లేపు అని. కొత్తవారు మొదటిది రాసి రెండవది మరచిపోతారు. అప్పుడు రెండూ ఒకేసారి లేస్తాయి! పెళ్ళికి పురోహితుణ్ణి పిలవడం వేరు, ఆయన వచ్చాకే ముహూర్తం జరపడం వేరు కదా. రెండూ చెప్పాలి.

మూడవ ఉపాయం "సిద్ధం" అన్న మాటను సేవ చేతనే చెప్పించడం. మామూలు ఏర్పాటులో ప్రోగ్రాము లేవగానే సిస్టమ్‌డీ "పని అయింది" అనుకొని తరువాతి దానిని లేపుతుంది. "నోటిఫై" అనే ఏర్పాటులో అయితే ఆ ప్రోగ్రాము తానుగా "సిద్ధంగా ఉన్నాను" అని కబురు పంపేదాకా వేచి ఉంటుంది. పోస్ట్‌గ్రెస్‌ను ఈ కబురు పంపేటట్లు అమర్చవచ్చు. మన కథలోని కంప్యూటర్‌కు ఇది చక్కగా సరిపోతుంది.

అయితే ఒక చిక్కు మిగిలింది. డేటాబేస్ ఒక ఊరిలో, అప్లికేషన్ మరొక ఊరిలో ఉంటే? ఒక కంప్యూటర్‌లోని సిస్టమ్‌డీ రెండవ కంప్యూటర్‌లోని వరుసను శాసించలేదు. పైగా డేటాబేస్ మధ్యాహ్నం పూట ఆగి లేస్తే? అప్లికేషన్ అప్పటికే లేచి ఉంది. లేచే వరుస ఎంత బాగా రాసినా లాభం లేదు.

అందుకే నాలుగవ ఉపాయం: అప్లికేషన్‌కే ఓపిక నేర్పడం. నిరాకరణ ఎదురైతే ఆగిపోకుండా కాసేపు ఆగి మళ్ళీ అడగాలి. మొదట 1 సెకను, తరువాత 2, 4, 8, 16 – ఇలా ప్రతిసారీ వ్యవధిని రెట్టింపు చేయాలి. మన కథలో ఈ ఏర్పాటు ఉంటే ఏం జరిగేది? 9:14:12కు మొదటి ప్రయత్నం. తరువాత :13, :15, :19, :27, :43. ఆరవ ప్రయత్నంలో తలుపు తెరిచి ఉంటుంది. గుమాస్తా రాకముందే అంతా సిద్ధం.

అందరూ ఒకేసారి లేస్తే?

"రెట్టింపు చేయడమెందుకు? క్షణానికోసారి అడుగుతూనే ఉంటే త్వరగా తెలుస్తుంది కదా?" అని మీరు అడగవచ్చు. ఒక్క అప్లికేషన్ ఉంటే నిజమే. వందలు ఉంటే? దీనికి జవాబు మన పొలాల్లోనే ఉంది.

ఒకప్పుడు వ్యవసాయానికి కరెంటు విడతలుగా వచ్చేది. అర్ధరాత్రి వచ్చినా చీకట్లో పురుగూ పుట్రా లెక్కచేయక పొలానికి పోవాలి. ఆ బాధ తప్పించుకోవడానికి రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. కరెంటు రాగానే మోటారు తనంతట తాను లేస్తుంది. ఒక్క రైతుకు అది సుఖమే. కాని ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవన్నీ ఒకే క్షణంలో లేస్తే?

లెక్క వేద్దాం. 5 హార్స్‌పవర్ మోటారు నడిచేటప్పుడు సుమారు 7.5 ఆంపియర్లు తీసుకుంటుంది. లేచేటప్పుడు మాత్రం కొద్ది క్షణాలు దాదాపు ఆరింతలు, అంటే 45 ఆంపియర్లు లాగుతుంది. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్ మోయగలిగింది సుమారు 133 ఆంపియర్లు. 15 మోటార్లు నడుస్తుంటే 112 చాలు, ఇబ్బంది లేదు. అవే 15 ఒకేసారి లేస్తే 675 కావాలి! మోయగలిగిన దానికి ఐదింతలు. వోల్టేజి పడిపోతుంది, మోటార్లు లేవలేక మూలుగుతాయి, ఫ్యూజులు పోతాయి. ఇదే మళ్ళీ మళ్ళీ జరిగితే మోటార్లకూ, ట్రాన్స్‌ఫార్మర్‌కూ ముప్పే.

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు 2018 జనవరి 1న మొదలైంది. దానికి ముందు 2017లో ఆటో స్టార్టర్లను తీసివేయమని ప్రభుత్వం రైతులను కోరింది. మడి నిండినా మోటారు ఆగక భూగర్భజలం వృథా అవుతుందన్నది ఒక ముఖ్య కారణం. అన్నీ కలిసి ఒక్కసారిగా లేచే భారం కూడా తక్కువది కాదు.

అప్పుడే లేచి చిట్టా సరిచూసుకుంటున్న డేటాబేస్ మీద వందల అప్లికేషన్లు క్షణక్షణం ఎగబడితే ఇదే స్థితి. జవాబు చెప్పడానికే దాని శక్తి చాలక అసలు పని వెనుకబడుతుంది. కాబట్టి వ్యవధి పెంచుకుంటూ పోవాలి. అంతేకాదు, అందరూ ఒకే లెక్కన ఆగితే మళ్ళీ ఒకేసారి అడుగుతారు. అందుచేత ప్రతి ఒక్కరూ ఆ వ్యవధిని కొంచెం అటూ ఇటూ, పాచిక వేసినట్లుగా మార్చుకోవాలి.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1973లో అమెరికాలోని జిరాక్స్ పరిశోధనశాలలో రాబర్ట్ మెట్‌కాఫ్ ఈథర్‌నెట్ అనే పద్ధతిని రూపొందించాడు. ఒకే తీగ మీద చాలా కంప్యూటర్లు మాట్లాడుకోవాలి. రెండు ఒకేసారి మాట్లాడితే మాటలు ఢీకొంటాయి. అప్పుడు రెండూ ఆగి, పాచిక వేసినట్లు వేరువేరు వ్యవధులు ఎంచుకొని మళ్ళీ మొదలుపెడతాయి. మళ్ళీ ఢీకొంటే ఇంకా పెద్ద వ్యవధిలో ఎంచుకుంటాయి.

తరగతిలో చేసి చూడండి

ఒకరు డేటాబేస్‌గా నల్లబల్ల దగ్గర నిలబడాలి. ఆరుగురు అప్లికేషన్లు. ఆరుగురూ ఒకేసారి తమ హాజరు నంబరు చెప్పి పేరు అడగాలి. డేటాబేస్‌కు ఎన్ని వినబడ్డాయో రాయండి. తరువాత ఒక్కొక్కరు పాచిక వేసి, పడిన అంకె దగ్గర మాత్రమే అడగాలి. వేరొకరు 1 నుండి 6 వరకు నెమ్మదిగా లెక్కపెట్టాలి. ఒకే అంకె పడి ఢీకొన్నవారు ఈసారి రెండు పాచికలు వేసి, 2 నుండి 12 వరకు లెక్కపెట్టేటప్పుడు తమ అంకె రాగానే అడగాలి. ఎన్ని విడతలలో అందరికీ జవాబు దొరికింది? ఐదారుసార్లు ఆడి పట్టిక వేయండి.

మీరే ఆలోచించండి

1. కంప్యూటర్‌ను మూసేటప్పుడు అప్లికేషన్, డేటాబేస్‌లలో దేనిని ముందు ఆపాలి?

2. అప్లికేషన్ "సంకేతపదం తప్పు" అన్న జవాబు వచ్చినా అడుగుతూనే ఉంది. ఇది మంచిదేనా?

3. బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రంలో పంపులు, పంకాలు, బొగ్గు పొడిచేసే యంత్రాలు నడవడానికి కూడా కరెంటే కావాలి. ప్రాంతమంతటా కరెంటు పోయిందనుకోండి. ఆ కేంద్రమూ, నాగార్జునసాగర్ వంటి జలవిద్యుత్ కేంద్రమూ రెండూ ఆగిపోయాయి. ముందు దేనిని లేపాలి? ఎందుకు?

జవాబులు

1. అప్లికేషన్‌ను. లేపే వరుసకు ఇది తలకిందులు. డేటాబేస్‌ను ముందు ఆపితే, అప్లికేషన్ చేతిలో ఉన్న పనులు సగంలో తెగిపోతాయి.

2. కాదు. అది ఓపికతో తీరే జబ్బు కాదు. వెంటనే ఆగి, మనిషికి తెలిసేలా స్పష్టంగా చెప్పాలి.

3. జలవిద్యుత్ కేంద్రాన్ని. ఎత్తున ఉన్న నీరే టర్బైన్‌ను తిప్పుతుంది. గేట్లు తెరవడానికి, నియంత్రణకు కావలసిన కొద్దిపాటి కరెంటును బ్యాటరీలు, డీజిల్ జనరేటర్ ఇవ్వగలవు. అక్కడ పుట్టిన కరెంటుతో బొగ్గు కేంద్రాన్ని లేపవచ్చు. అయితే ఇక్కడ కూడా జలవిద్యుత్ యంత్రం తిరిగితే చాలదు. కరెంటు నిలకడగా బొగ్గు కేంద్రానికి చేరాకనే అక్కడి పంపులు వేయాలి.